ధర రాసి ఉన్న బజారు

మా ఇళ్లలో బజారుకు ఒక్కరే వెళ్లడమంటే కొత్తిమీర కట్టకో పెరుగు ప్యాకెట్టుకో. చీర కొనాలంటే మాత్రం నలుగురు కదలాలి. రంగు నప్పుతుందో లేదో చెప్పడానికి పిన్ని, జరీ చూడడానికి అత్తయ్య, బేరానికి పెద్దమ్మ. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. బట్టను వేళ్ల మధ్య పెట్టి చూడడం వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. కాకపోతే నలుగురితో వెళ్లినప్పుడు చూపు కూడా నలుగురిదవుతుంది. నచ్చినదాని ముందు ఎంతసేపు నిలబడాలో పక్కవాళ్ల కాళ్ల నొప్పులు తేలుస్తాయి. అందుకే ఏ పరాయి ఊరు వెళ్లినా ఒక రోజు విడిగా తీసి పెట్టుకుంటాను. ఆ రోజు గుళ్లు లేవు, కోటలు లేవు. దుకాణాలు, వాటి మధ్య నడక, అంతే.

టోక్యోలో అలాంటి రోజు పొద్దున పిన్ని ఫోన్ చేసింది. "ఒక్కదానివే ఏం తిరుగుతావే, భాషైనా రాదు కదా" అంది. రాదు. రాకపోయినా ఆ ఊళ్లో రోజంతా బజారు చేయవచ్చు. అందుకు వీలు కల్పించిన మనిషి మూడున్నర శతాబ్దాల కిందటివాడు.

1673లో మిత్సుయి తకతోషి అనే వర్తకుడు ఈ ఊళ్లో ఎచిగోయా అనే బట్టల కొట్టు తెరిచాడు. అప్పట్లో టోక్యోను ఎడో అనేవారు. పెద్ద బట్టల వర్తకులు సరుకు మోయించుకుని కలవారి ఇళ్లకు వెళ్లేవారు, అరువుకిచ్చి ఏడాదికి రెండుసార్లు వసూలు చేసుకునేవారు. ధర మనిషిని బట్టి ఉండేది. తకతోషి అదంతా తిరగేశాడు. కొట్టుకు రావాలి, రొక్కం ఇవ్వాలి, ధర అందరికీ ఒక్కటే. అన్నిటికన్నా నాకు నచ్చేది ఇంకొకటి: తాను మొత్తం కొనక్కర్లేదు, కావలసినంత ముక్క కోసి ఇచ్చేవాడు. చిన్న సంపాదనవాళ్లు కూడా మంచి పట్టు ముట్టుకోగలిగింది అందువల్లే. తోటి వర్తకులు కక్ష కట్టారు. అయినా కొట్టు నిలిచింది. నిహొన్‌బషి పేటలో ఇవాళ ఉన్న మిత్సుకోషి అనే పెద్ద దుకాణం దాని వారసత్వమే.

పది గంటలకు మిత్సుకోషి తలుపులు తీశారు. ఉద్యోగులు వరసగా నిలబడి వంగి నమస్కరిస్తున్నారు. నేను నేరుగా కిమోనో బట్టల అంతస్తుకు వెళ్లాను. ప్రతి తానుకూ చీటీ, చీటీ మీద అంకెలు. అక్కడి అమ్మాయి ఒక తాను విప్పి పరిచి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. కొంటావా అని కళ్లతోనైనా అడగలేదు. బేరం తప్పని నేను అనను, అదొక విద్య. కానీ బేరం మొదలైతే బట్ట మీద ఉండాల్సిన ధ్యాస ఎదుటి మనిషి ముఖం మీదకు పోతుంది. భాష రాని ఒంటరి మనిషికైతే అది గోడే. అంకె ముందే రాసి ఉంటే ఆ గోడ లేదు. నేనూ, ఆ నీలిరంగు పట్టూ మిగిలాం.

కింద నేలమాళిగలో తిండి కొట్లు. భోజనం డబ్బా ఒకటి తీసుకుంటే, ఎంతసేపు మోసుకెళ్తారని గడియారం చూపించి అడిగారు. దాన్ని బట్టి మంచు పొట్లం పెడతారట. మిఠాయి పెట్టెను కాగితం మీద ఏటవాలుగా పెట్టి, చకచకా తిప్పి చుట్టేశారు. ఆ ఎర్రమచ్చల కాగితాన్ని 1950లో చిత్రకారుడు ఇనొకుమా గెన్‌ఇచిరో రూపొందించాడు. దాని మీద కొట్టు పేరు రాసిన ఉద్యోగి యనసే తకషి. తర్వాతి కాలంలో జపాన్ పిల్లలందరికీ ఇష్టమైన అన్‌పన్‌మన్ బొమ్మకథల కర్త ఆయనే. నేను ఆ కాగితం చింపలేదు.

కొట్టు కిందనే మెట్రో స్టేషన్ ఉంది. 1932లో మిత్సుకోషి తన డబ్బుతో కట్టించుకున్నది, పేరు కూడా దానిదే. అక్కడ గింజా లైన్ ఎక్కి తవరామచిలో దిగితే కప్పాబషి దగ్గర. ఊళ్లోని హోటళ్లవాళ్లకు గిన్నెలూ గరిటెలూ అమ్మే వీధి అది. పరాయి ఊళ్లో నేను వెతికేది ఇలాంటి కొట్లనే, మన కోసం కాక ఆ ఊరివాళ్ల రోజువారీ పని కోసం తెరిచినవి. చాకుల దుకాణంలో పెద్దాయన మొదట నా రెండు చేతుల వైపూ చూపించి, ఏ చేతివాటమని అడిగారు. తర్వాత ఏం కోస్తానని అడిగారు. కూరగాయలని బొమ్మ గీసి చూపించాను. నకిరి అనే కూరగాయల కత్తి తీసి ఇచ్చారు, తిన్నని అంచు, వెడల్పాటి రేకు. మా అమ్మమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంకాయను కత్తి మీదకు తోసేది. ఇక్కడ కత్తే కాయ మీదకు రావాలి. ఉక్కు యాసుగి అనే ఊరిది. తెల్లకాగితం, నీలికాగితం అని రకాలున్నాయి, కడ్డీలకు అంటించే కాగితం రంగును బట్టి వచ్చిన పేర్లవి. తుప్పు పడుతుందని ఆయన ముందే చెప్పారు, గుడ్డతో తుడుస్తున్నట్టు చాలాసార్లు చూపించి. చింతపండూ నిమ్మకాయా తగిలే మా వంటింట్లో ఆ జాగ్రత్త రెట్టింపు కావాలి. అయినా తీసుకున్నాను. నా పేరు పలికించుకుని, ఉలితో రేకు మీద చెక్కారు. ఒంటరిగా ఉన్నాను కనుకే ఆ చెక్కడం మొదటి దెబ్బ నుంచి చివరిదాకా చూడగలిగాను.

మధ్యాహ్నం జింబోచో. పాత పుస్తకాల కొట్ల పేట. చాలా కొట్లు వీధికి దక్షిణం వైపున ఉత్తరముఖంగా ఉంటాయి, ఎండ తగిలి పుస్తకాలు వెలిసిపోకుండా. 1913లో ఇక్కడొక పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ తర్వాత అదే ఏడాది ఇవనామి షిగెఓ అనే బడిపంతులు ఉద్యోగం మాని పాత పుస్తకాల కొట్టు పెట్టాడు. అదే తర్వాత ఇవనామి ప్రచురణ సంస్థ అయింది. పాత పుస్తకాలకు బేరం మామూలైన ఆ రోజుల్లో ఆయన కూడా రాసిన ధరకే అమ్మాడు. తకతోషి బట్టకు చేసిన పని ఈయన పుస్తకానికి చేశాడు.

చదవలేని లిపి మధ్య బొమ్మల పుస్తకాలు వెతుక్కుంటూ ఒక కొట్లో సరసా మీద పుస్తకం తీశాను. సరసా అంటే మన అద్దకపు బట్టే. డచ్చివాళ్లు మచిలీపట్నంలాంటి కోరమండల్ రేవుల్లో కొని ఓడకెక్కించిన కలంకారీ, నాగసాకి దగ్గరి దెజిమా దీవి మీదుగా జపాన్ చేరేది. అక్కడ అది ఎంత అపురూపమంటే, అరచేయంత ముక్కలను కూడా టీ పొడి భరిణెలకు సంచులుగా, పొగాకు తిత్తులుగా కుట్టి దాచుకున్నారు. ఆ నమూనాలు చూసి అక్కడివాళ్లు అద్దుకునేందుకు 1778లోనే ఒక పుస్తకం అచ్చయింది. కృష్ణా తీరంలో చిరివేరుతో ఎరుపు వేసిన మనుషుల పేర్లు ఎక్కడా లేవు. వాళ్ల తీగలూ పువ్వులూ మాత్రం ఇక్కడ పేజీ పేజీకీ ఉన్నాయి, ఆ ఎరుపుతో సహా. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

కొట్టాయన ఒక స్టూలు తెచ్చి వేశారు. నేను ఏ పేజీల దగ్గర ఆగుతున్నానో గమనించారేమో, లోపలికి వెళ్లి ఇంకో రెండు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. నా ఒంటి మీది బట్ట వైపు, పుస్తకంలోని బొమ్మ వైపు వేలు చూపించి "ఇండో?" అన్నారు. అవునన్నాను. మచిలీపట్నం ఎక్కడుందో కాగితం మీద తీరం గీసి చూపిస్తే, ఆ కాగితాన్ని తన దగ్గర ఉంచుకోవచ్చా అని సైగ చేశారు. మొదటి పుస్తకం కొన్నాను, డబ్బు చిన్న పళ్లెంలో పెట్టాను. రెండోదాని చీటీ మీది అంకె నాకు అందేది కాదు. ఆ సంగతి చెప్పినా, ఆయన దాన్ని నా ముందు నుంచి తీయలేదు. కొట్టు కట్టే వేళదాకా కూర్చుని చివరి పేజీ వరకూ చూశాను.