బలికి ఎవరు దొరుకుతారు?

మొన్న సెలవుల్లో మా చెల్లెలి కొడుకు నా దగ్గర నాలుగురోజులున్నాడు. తొమ్మిదేళ్లవాడు. వాడి చేతిలోంచి సెల్‌ఫోను లాక్కోవడానికి ఇంకో దారి దొరక్క పక్కన కూర్చోబెట్టుకుని ‘పాతాళభైరవి’ పెట్టాను. 1951 నాటి సినిమా, అందులోనూ నలుపూ తెలుపూ. పది నిమిషాల్లో లేచిపోతాడనుకున్నాను. లేవలేదు సరికదా, రంగారావుగారి మాంత్రికుణ్ణి చూస్తూ నోరు తెరుచుకుని కూర్చుండిపోయాడు.

సినిమా అయ్యాక చేగోడీలు నముల్తూ, “పెద్దమ్మా, అయితే బలిస్తే అమ్మవారు నిజంగానే బొమ్మ ఇచ్చింది కదా!” అన్నాడు.

నేను తెల్లబోయాను. ఈ సినిమా ఎన్నిసార్లు చూసుంటానో లెక్కలేదు. ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు. మాంత్రికుడు దుర్మార్గుడు, తోటరాముడు మంచివాడు, దుర్మార్గుడు చచ్చాడు, మంచివాడికి మేలు జరిగింది. అంతే కదా కథ, అనుకుంటూ వచ్చాను. పిల్లవాడు చూసింది వేరు. రాకుమార్తెను చేసుకోవాలంటే రాముడికి డబ్బు కావాలి. మాంత్రికుడికీ కావాల్సింది సంపదలిచ్చే ఆ బొమ్మే. ఇద్దరూ వెళ్లింది ఒక్క గుహలోకే. ఒక తల తెగింది, అమ్మవారు ప్రసన్నమైంది, బొమ్మ దొరికింది. తెగిన తల ఎవరిదన్నదే తేడా. నరబలి ఫలిస్తుందా లేదా అన్న ప్రశ్న ఆ గుహలో ఎవరూ వెయ్యరు. ఫలించింది కూడాను!

కె.వి.రెడ్డిగారి మీదా పింగళివారి మీదా నేరం మోపడానికి కూర్చోలేదు సుమండీ. వాళ్లకి ముందు మన బేతాళ కథలున్నాయి. అక్కడా అంతే. భిక్షువు విక్రమార్కుణ్ణి బలివ్వాలనుకుంటాడు. సాష్టాంగం ఎలా చెయ్యాలో నువ్వే చేసి చూపించమంటాడు రాజు. భిక్షువు వంగుతాడు, రాజు నరుకుతాడు. చిన్నప్పుడు ఆ యుక్తికి చప్పట్లు కొట్టని వాళ్లెవరు?

ఈ కథలన్నింటిలో ఇంకో సంగతుంది. బలికి కావలసినవాడు ఎప్పుడూ గొప్పవాడు. సాహసవంతుడు, సర్వలక్షణాలూ ఉన్నవాడు, వీలైతే రాజుగారు. వెయ్యిమందిలో ఒక్కడు. వాణ్ణి వెతికి పట్టుకోవడానికే మాంత్రికుడు నానా తంటాలూ పడతాడు. అంతటివాడు గనకే చివరికి తప్పించుకుంటాడు.

మరి నిజంగా జరిగినచోట ఎవరు దొరికారు?

2022 అక్టోబరులో కేరళలోని పత్తనంతిట్ట జిల్లా ఎలంతూరు నుంచి వచ్చిన వార్త మీకు గుర్తుండే ఉంటుంది. ఇంటికి ఐశ్వర్యం రావాలని ఒక దంపతులు, మరొకడి బోధతో ఇద్దరు స్త్రీలని బలిచ్చారని పోలీసుల అభియోగం. ఆ ఇద్దరూ ఎవరనుకున్నారు? లాటరీ టిక్కెట్లు అమ్ముకునే ఆడవాళ్లు. రోజంతా ఎండలో తిరిగి పదిమందికి అదృష్టాన్ని అమ్మి, సాయంత్రానికి ఇంత బియ్యం కొనుక్కునే మనుషులు. నాలుగు రూపాయలు వస్తాయన్న ఆశ చూపిస్తే వెళ్లారట. ఒకామె జూన్‌లో కనిపించకుండా పోయింది. లోకం సద్దుమణిగే ఉంది. సెప్టెంబరులో రెండో ఆమె కోసం ఇంటివాళ్లు ఫిర్యాదు చేసి వెంటపడితే గాని మొదటి ఆమె సంగతి బయటికి రాలేదు.

నేరం రుజువు కావలసింది కోర్టులో, నా వ్యాసంలో కాదు. కానీ ఆ వార్తలో ఒక ముక్క నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. ఆ ఇంటి యజమాని నాటువైద్యం చేసేవాడు, తీరిక వేళల్లో హైకూలు రాసి ఫేస్‌బుక్‌లో పెట్టుకునేవాడు. మూడు పాదాల చిన్న కవితలు! గుహా లేదు, గడ్డమూ లేదు, పుర్రెల దండా లేదు. మన సాహితీ సమావేశంలో వెనక వరసలో కూర్చుని, చివర్లో వచ్చి నమస్కారం పెట్టి వెళ్లే మనిషిలాంటివాడే. మాంత్రికుణ్ణి చూడగానే గుర్తుపట్టొచ్చని మనకి నేర్పింది సినిమాలు, మా నవలలున్నూ.

హైదరాబాదు సంగతి ఇంకా దగ్గరిది. 2018 జనవరి 31న చంద్రగ్రహణం. మర్నాడు ఉప్పల్ దగ్గర చిలకానగర్‌లో ఒక డాబా మీద పసిబిడ్డ తల కనిపించింది. ఆ ఇంటి దంపతులనే పోలీసులు అరెస్టు చేశారు. రోడ్డు పక్కన బతికేవాళ్ల బిడ్డ అన్నారు. నేను చదివిన వార్తల్లో వేటిలోనూ ఆ బిడ్డకో పేరు కనిపించలేదు.

కథల్లో వెతికేది ఎవరి కోసమో చెప్పాను కదా. ఇక్కడ వెతికేది, పోతే అడిగేవాళ్లు లేనివాళ్ల కోసం. బలి ఫలిస్తుందని చెప్పడం కథలు ఆడే మొదటి అబద్ధమైతే, బలయ్యేవాడు మహావీరుడని చెప్పడం రెండోది. నన్నడిగితే రెండోదే పెద్దది.

మరాఠీవాళ్లు ఈమధ్య ఇలాంటి కథనే తెరకెక్కించారు. పర్భణీ జిల్లా మానవత్ అనే ఊళ్లో 1972, 74 మధ్య ఆడవాళ్లూ ఆడపిల్లలూ ఒకరి తరవాత ఒకరు హత్య అయ్యారు. దాగిన నిధి కోసమూ, సంతానం కోసమూ చేసిన పని అని దర్యాప్తులో తేలింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దర్యాప్తు చేసిన రమాకాంత్ కులకర్ణి రాసుకున్న పుస్తకం ఆధారంగా 2024లో ‘మానవత్ మర్డర్స్’ అని సీరీస్ వచ్చింది. కులకర్ణి వేషం ఆశుతోష్ గోవారికర్‌ది, బాగా చేశాడు. కానీ కథ పోలీసాఫీసరుది కావడంతో, అది ముగిశాక మనకి గుర్తుండేది ఆయన తెలివే. నీళ్లకో కట్టెలకో వెళ్లిన ఆ పిల్లల ముఖాలు నాకు ఎంత తలుచుకున్నా రావడం లేదు.

మన దగ్గరికి వస్తే ‘తులసిదళం’ మాట ఎత్తకుండా ఎలా? ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వస్తున్నప్పుడు మా అమ్మ పేజీలు చింపి, దారం పెట్టి కుట్టి దాచుకుంది. పద్నాలుగేళ్లప్పుడు ట్రంకుపెట్టెలోంచి దొంగతనంగా తీసి చదివాను. వారం రోజులు పెరట్లోకి ఒక్కదాన్నే వెళితే ఒట్టు! దాన్ని తిడుతూ రంగనాయకమ్మగారు ఏకంగా ఒక పుస్తకమే రాశారు. తిట్టేవాళ్లు తిట్టారు, చదివేవాళ్లు చదివారు.

ఇప్పుడు మళ్లీ చదివితే నాకు రెండు విషయాలు తోచాయి. ఒకటి యండమూరిగారికి దక్కవలసిన మెప్పు. పసిపిల్ల మీద ప్రయోగం ఎందుకు జరుగుతుంది? ఆస్తి కోసం. దయ్యాల వెనక డబ్బుందని ఆయన సరిగ్గానే పట్టుకున్నారు. రెండోది ఫిర్యాదు. వైద్యమూ మంత్రమూ పక్కపక్కనే నడిపించి, ఏది నిజమో మీరే తేల్చుకోండని పాఠకురాలి మీద వదిలేశారు. అర్ధరాత్రి గుండె దడదడలాడుతూ ఉంటే ఎటు తేల్చుకుంటాం? భయం ఎటు లాగితే అటే కదా.

“అబ్బే, అది కథని అందరికీ తెలుసు” అంటారు మా రచయితలు. నేనూ అన్నాను. కానీ అంజనం వేయించి, చిన్నపిల్లల బొటనవేలి గోటిమీద కాటుకలో నిధి కనిపిస్తోందా అని అడిగేవాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. పాడుబడ్డ గుళ్లలో నంది విగ్రహాలు పగలగొట్టి, కింద గొయ్యి తీసి పోయారన్న వార్త మనకి కొత్త కాదు. అక్కడ నిధికి భూతం కాపలా ఉంటుందనీ, అది రక్తం అడుగుతుందనీ చెప్పేవాడొకడు తప్పకుండా ఉంటాడు. కోడితో మొదలవుతుంది. కోడితో నిధి దొరకదు గనక, అది చాలలేదంటాడు. ఫలించకపోవడమే వాడి వ్యాపారానికి పెట్టుబడి, చూశారా!

ఈ కిటుకు మన మొదటి నవలల్లోనే బయటపెట్టారు వీరేశలింగంగారు. ‘రాజశేఖర చరిత్ర’ లోని బైరాగి గుర్తున్నాడా? బంగారం చేస్తానంటాడు, నమ్మకం కుదిరేలా చేస్తాడు, చివరికి ఇంట్లో ఉన్నదంతా పట్టుకుని ఉడాయిస్తాడు. ఆ నవల రావడం మొదలైంది 1878లో. భూమిలో పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టరుకి చెప్పాలన్న చట్టం కూడా, అన్నట్టు, ఆ ఏడే వచ్చింది. పంతులుగారు బైరాగి వెనక పొగలూ ఢమరుకాలూ పెట్టలేదు. రాజశేఖరుడు మంచివాడు, చదువుకున్నవాడు, అయినా ఆశపడ్డాడు, మోసపోయాడు. చదువుతుంటే మనకి భయం వెయ్యదు, సిగ్గు వేస్తుంది. కన్యాశుల్కంలో సీసాలో దయ్యాల్ని బిగించే పూజారి గవరయ్యని చూస్తే నవ్వొస్తుంది. సిగ్గూ, నవ్వూ. ఈ రెండూ వదిలేసి మేం భయాన్ని పట్టుకున్నాం. ఎందుకంటే భయం వారం వారం అమ్ముడవుతుంది.

‘మేం’ అనడం ఊరికే కాదు. పదిహేనేళ్ల కిందట ఒక పత్రికకి సీరియల్ రాస్తున్నాను. కుటుంబ కథే. అందులో అప్పుల్లో ఉన్న మామగారు లంకెబిందెల కోసం ఒక మంత్రగాణ్ణి ఇంటికి తెస్తాడు. వాడు మోసగాడని తరవాత తెలుస్తుంది. ఆ వారం పత్రికవాళ్లు ఫోను చేసి, “మేడమ్, ఆ సీను ఇంకాస్త ఉండాలి, అమావాస్యా గట్రా” అన్నారు. రాశాను. నాలుగు వారాలు లాగాను. నిమ్మకాయలూ, పసుపు ముగ్గూ, మధ్యలో దీపం. అబద్ధమెందుకూ, రాస్తుంటే నాకే సరదాగా ఉంది. మోసమని తేలే భాగం మాత్రం సగం పేజీలో ముగించేశాను.

మూడో వారం తరవాత ఒక ఉత్తరం వచ్చింది. రూళ్ల కాయితం, గుండ్రటి అక్షరాలు. భర్త వ్యాపారం దెబ్బతిందిట, ఇద్దరాడపిల్లలుట. మీ కథలోని ఆయన చాలా శక్తిమంతుడిలా ఉన్నాడు, ఆయనది ఏ ఊరో దయచేసి తెలియజేయగలరు అని అడిగింది.

ఆయన లేడమ్మా, నేను కల్పించాను అని వెంటనే జవాబు రాశాను. ఆవిడ మళ్లీ రాయలేదు. నమ్మిందో, నేను దాస్తున్నాననుకుందో.