మూలం చెప్పినంతే

వెంకటగిరికోట అని పూర్తిగా పలికేవాళ్లు తక్కువ, వాడుకలో అది వి.కోట. చిక్కంతా ఆ పూర్తి పేరుతోనే. వెంకటగిరి అనగానే చీరలు గుర్తొస్తాయి. ఆ నేతల ఊరు 2022 వరకు నెల్లూరు జిల్లాది. ఇదేమో చిత్తూరు జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దగ్గర, పలమనేరు నియోజకవర్గంలో ఉంది.

తెలుగు వికీపీడియాలో ఊరి వ్యాసం రాసే మనిషి పనితనం బయటపడేది ఇక్కడే. మూలంగా తీసుకున్న పుస్తకంలో ఉన్నది ఏ వెంకటగిరి అని ముందు చూసుకుంటాడు. జనాభా రాస్తే ‘2011 జనగణన ప్రకారం’ అంటాడు, ‘ప్రస్తుతం’ అనడు. అది గ్రామం లెక్కా, మండలం లెక్కా విడదీస్తాడు. కోట ఫలానావారు కట్టించారని ‘చెబుతారు’ అని మూలంలో ఉంటే, ఆ ‘చెబుతారు’ను మింగేయడు. నాకు ముచ్చటేసేది ఆ ఒక్క క్రియాపదమే!

ఇలాంటి జాగ్రత్తకు కాలం పడుతుంది. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూసేనాటికి అది ‘అ’ అక్షరం దాటలేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాకు తొందర ఎక్కువే, అయితే దిద్దుకునే వీలూ ఎక్కువే.

వి.కోటవాళ్లూ, ఒకసారి మీ ఊరి పేజీ తెరిచి చూడండి. తప్పు కనిపిస్తే దిద్దండి, ఆధారం చేతిలో పెట్టుకుని.