నానబెట్టిన మట్టి

అనంతపురం ఇంజినీరింగు కాలేజీ 1946లో మద్రాసు గిండీలో మొదలై, రెండేళ్లకు ఈ ఊరికి చేరింది. ఇప్పుడు జేఎన్‌టీయూ అనంతపురంలో భాగం. సివిల్ పిల్లలు ఫ్లైఓవర్ల గురించి కలలు కంటారు గానీ, రోడ్డు చదువు రుచి తెలిసేది మట్టి ల్యాబులోనే.

అక్కడ మట్టి బలం తేల్చే సీబీఆర్ అనే పరీక్ష ఉంటుంది. 150 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఇనుప అచ్చులో మట్టిని పొరలు పొరలుగా దిమ్మిసతో కొట్టి, పైన బరువులు పెట్టి, నాలుగు రోజులు నీళ్లలో ముంచుతారు. ఆనక 50 మిల్లీమీటర్ల కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున అందులోకి దించుతారు. ఒకరు డయల్ చదువుతుంటే ఇంకొకరు రాసుకుంటారు. చివర తేలే శాతాన్ని బట్టే రోడ్డు మందం.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన సీమలో మట్టిని నానబెట్టడమేంటని నవ్వొస్తుంది. కానీ ఇక్కడి వాన పడితే ఒక్కసారే పడుతుంది, వంకలు రాత్రికి రాత్రే పొంగుతాయి. ఎర్రనేల అంత పేచీ పెట్టదు. ఉరవకొండ, తాడిపత్రి వైపు నల్లరేగడి మాత్రం నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది.

నాకు ముచ్చటేసేది ఆ రాసుకునే చెయ్యి. రెండు శాతం వస్తే రెండే రాయాలి. అయిదని రాస్తే మందం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది, రెండు వానలకే గుంతలు పడతాయి. మీ ఊరికి రోడ్డు వేస్తుంటే, ఆ మట్టి పరీక్ష కాగితం చూపించమని అడగండి.