చివరి వరసలో షాగిర్ద్

మైక్ సెట్ దుకాణంలో పనికి చేరిన కుర్రాణ్ని మొదటి ఆర్నెల్లు మిక్సర్ ముట్టుకోనివ్వరు. వాడి చేతికిచ్చేది వైరు. కార్యక్రమం ముగిసి జనం వెళ్ళిపోయాక, వేదిక మీద చిందరవందరగా పడి ఉన్న వైర్లన్నీ చుట్టాలి. బావి తాడులా మోచేతికి వేసి చుట్టాడంటే ఉస్తాద్ వచ్చి మొత్తం విప్పేసి మళ్ళీ చుట్టమంటాడు. ఒక చుట్టు మామూలుగా, తర్వాతి చుట్టు మణికట్టు లోపలికి తిప్పి వెయ్యాలి. అలా వేస్తే వైరుకు మెలి పడదు. మర్నాడు ఒక కొస పట్టుకుని విసిరితే ముడి లేకుండా బారుగా పరుచుకుంటుంది. మోచేతికి చుట్టిన వైరులో రాగి పోగులు మెలి తిరిగి, జాక్ మొదట్లో ఒక్కొక్కటే తెగిపోతాయి. పైకి ఏమీ కనపడదు. ఏదో ఒక రాత్రి, సరిగ్గా గాయకుడు పాట అందుకున్నప్పుడు గరగర మొదలవుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలో సౌండ్ పని చాలామందికి ఇలాగే అబ్బింది. ఉస్తాద్ (గురువు), షాగిర్ద్ (శిష్యుడు) అన్న మాటలు ఇక్కడ సంగీతానికీ కుస్తీకీ ఎంత చెల్లుతాయో మోటార్ మెకానిక్ షెడ్డుకూ మైక్ సెట్ దుకాణానికీ అంతే చెల్లుతాయి. ఈ దుకాణాల ముందు స్టూలేసుకుని నేను చాలా సాయంత్రాలు గడిపాను. ఇక్కడ చేతికన్నా ముందు చెవికి పని నేర్పుతారు. కుర్రాడు ఆత్రంగా ఫేడర్ మీదికి చెయ్యి పోనిస్తే ఉస్తాద్ అనే మాట ఒకటే: "హాత్ నక్కో లగా, పహలే సున్." చెయ్యి పెట్టకు, ముందు విను.

వినడానికి ఇక్కడ కొదవ లేదు. లాల్ దర్వాజా బోనాలు, బాలాపూర్ నుంచి చార్మినార్ మీదుగా సాగే గణేశ్ శోభాయాత్ర, మొహర్రం మజ్లిస్‌లు, పహాడీ షరీఫ్ ఉర్సు, ఏడాది పొడుగునా పెళ్ళిళ్ళు. 1971లో పద్మశ్రీ అందుకున్న అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ ఖవ్వాలీ పాడిన ఊరు ఇది. ఆయన మనవలు వార్సీ బ్రదర్స్‌గా ఆ గానాన్ని నిలబెట్టారు. ఖవ్వాలీకి మైకులు పెట్టడం అంత తేలిక కాదు. ప్రధాన గాయకుడి గొంతు, హార్మోనియం, తబలా, వెనక బృందం వేసే చప్పట్లు, అన్నీ అడుగు దూరంలోనే. ప్రతి మైకులోకీ ప్రతి చప్పుడూ దూరుతుంది. చప్పట్ల దెబ్బకు సిగ్నల్ ఎర్ర లైటు తాకుతుంది. తెలిసినవాడు మైకుల సంఖ్య పెంచడు, తగ్గిస్తాడు. మైకు వెనక వైపు తక్కువ వింటుంది కాబట్టి ఆ వీపును చప్పట్ల వైపు తిప్పుతాడు.

అసలు పరీక్ష మాత్రం ముషాయిరాలో, అంటే ఉర్దూ కవుల సభలో. గజల్లో షేర్, అంటే రెండు పాదాల పద్యం, సత్తువంతా రెండో పాదం చివర ఉంటుంది. ఆ చివరి మాట వినపడితేనే జనం "వాహ్" అంటారు, "ముకర్రర్" అని మళ్ళీ చెప్పించుకుంటారు. కవి ఒక్కొక్కసారి మైకుకు మీసం తగిలేంత దగ్గరికొస్తాడు, ఇంకోసారి చెయ్యి ఎత్తి వెనక్కి వాలతాడు. నోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైతే మైకుకు అందే ధ్వని ఆరు డెసిబెల్స్ పడిపోతుంది. మరీ దగ్గరైతే గొంతులో బేస్ ఉబ్బి మాట బురదలో పడినట్టవుతుంది. అందుకే ఆపరేటర్ కళ్ళు మిక్సర్ మీద ఉండవు, కవి మెడ మీద ఉంటాయి.

మాటలో అచ్చులు కింది స్థాయిలో మోగుతాయి, వాటికి బలం ఎక్కువ. మాటను మాటగా నిలబెట్టే స, ష, ఖ, త వంటి హల్లుల ధ్వని చాలావరకు రెండు వేల హెర్ట్జ్‌కు పైన, బలహీనంగా ఉంటుంది. "షహర్" అంటే నగరం, "సహర్" అంటే తెల్లవారుజాము. ఆ రెంటి మధ్య తేడా అంతా పైన సన్నగా వినిపించే ఆ ఊదుడులోనే ఉంది. బేస్ పెంచితే ముందు చచ్చిపోయేది అదే. పాత ఉస్తాదులు మాట్లాడే మైకుకు బేస్ కోసేస్తారు, చోంగాల్ని, అంటే హారన్ స్పీకర్లను, జనం చెవుల వైపు వంచి కడతారు.

ముషాయిరాకు ముందు మైకును రింగ్ చెయ్యాలి. ఖాళీ వేదిక మీద గెయిన్ మెల్లగా పెంచుతూ పోతే ఒక చోట మైకు సీటీ కొడుతుంది. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దమే మళ్ళీ మైకులోకి దూరి, తిరిగి తిరిగి పెరిగే కూత అది. ఏ హెర్ట్జ్ దగ్గర కూసిందో చెవితో పట్టి, ఈక్వలైజర్‌లో ఆ ఒక్క పుల్లనే (జారుడు మీటనే) కాస్త దించాలి. మళ్ళీ పెంచాలి, ఇంకో చోట కూస్తుంది. ఇప్పుడు ఫోనులో యాప్ చూసి చెప్పొచ్చు. కానీ నేను చూసిన ఒక ఉస్తాద్ పెదవులతో అదే కూతను ఈలగా వేసి, కుర్రాణ్ని పుల్ల వెతకమనేవాడు. నెల రోజులు తప్పు పుల్లలే దించిన కుర్రాడు ఒకనాడు ఈల వినగానే సూటిగా రెండున్నర వేల దగ్గరికి వెళ్ళాడు. ఆ చెయ్యి వెళ్ళిన తీరు నాకింకా గుర్తుంది.

మైదానం పెద్దదైతే ఇంకో చిక్కు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు నడుస్తుంది. వేదికకు 34 మీటర్ల దూరంలో ఇంకో చోంగా కడితే, అక్కడ కూర్చున్నవాడికి దగ్గరి చోంగాలోంచి మాట వెంటనే వస్తుంది, వేదిక దగ్గరిది సెకనులో పదో వంతు ఆలస్యంగా వస్తుంది. ఒక్క మాట రెండుసార్లు. డిజిటల్ మిక్సర్లో వెనక స్పీకర్‌ను వంద మిల్లీసెకన్లు ఆపితే చాలు. అది లేని రోజుల్లో చిన్న చోంగాల్ని తక్కువ వాల్యూమ్‌లో దగ్గరదగ్గరగా, అన్నిటి మూతీ వేదికకు ఎదురు దిక్కుకు పెట్టి నెట్టుకొచ్చారు. మారుమోగే చోటైతే ఇంకా కష్టం. గోల్కొండ ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే బాలాహిస్సార్‌లో వినపడుతుందని చూసి మురిసిపోతాం. గుమ్మటం శబ్దాన్ని పోగుచేసి విసరడం సంకేతానికి వరమే గానీ, ప్రసంగానికి శాపం.

కుర్రాడికి లెక్క కూడా ఇక్కడే ఒంటబడుతుంది. ఎనిమిది ఓముల స్పీకర్లు రెండు సమాంతరంగా కలిపితే నాలుగు ఓములు, నాలుగు కలిపితే రెండు. నాలుగు ఓముల యాంప్లిఫయర్‌కు రెండు ఓముల బరువు వేస్తే వేడెక్కి కాలిపోవచ్చు. బడిలో భిన్నాలు రాని పిల్లలు ఈ లెక్క నోటితో చెప్పడం విన్నాను. ఇక స్పీకర్‌లో కాలిన కాయిల్ వాసన ఒకసారి ముక్కుకు తగిలాక ఎవరూ మరిచిపోరు. ఆ తర్వాత కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి కాయిల్, డయాఫ్రం కొనుక్కొచ్చి బిగించడం కూడా చదువే.

ఈ చదువులో చేదూ ఉంది. ఒకప్పుడు పదేళ్ళకే పనిలో పెట్టేవారు. ఇప్పుడు పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టడం నేరం, పెట్టకూడదు. మొదట్లో జీతం ఉండదు, ఎర్త్ లేని లైన్లు షాక్ కొడతాయి, నిద్ర ఉండదు. అన్నిటికన్నా నాకు బాధ కలిగించేది చెవులు పోవడం. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ చెబుతుంది. వంద డెసిబెల్స్‌లో పావుగంటే. డీజే బాక్సు పక్కన రాత్రంతా నిలబడే కుర్రాడు తన పెట్టుబడినే కాల్చుకుంటున్నాడు. చవకలో దొరికే ఇయర్ ప్లగ్ పెట్టుకొమ్మని ప్రతి ఉస్తాదూ మొదటి రోజే చెప్పాలి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు పెట్టాయి. 2024 అక్టోబరులో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేల్ని నిషేధించారు. అప్పు చేసి బేస్ బాక్సులు కొన్నవాళ్ళకు అది గట్టి దెబ్బే. అయినా ఆ నిర్ణయం మంచిదేనని నా నమ్మకం. తక్కువ శబ్దంలో మాట స్పష్టంగా చేర్చగలవాడికే ఇక పని.

ఆ పనికి ఊళ్ళో దారులున్నాయి. ఈవెంట్ కంపెనీలు, హోటళ్ళ హాళ్ళు, టీవీ స్టూడియోలు, సినిమా డబ్బింగ్ థియేటర్లు. చెయ్యి ఆడుతుంది గానీ కాగితం లేదన్నదే అడ్డు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, అప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటుంది. పాతబస్తీ గల్లీల్లో క్యాంపు పెట్టి ఈ కుర్రాళ్ళ చెవుల్ని పరీక్షించాలి. రాత పరీక్ష కన్నా ఈల పరీక్ష పెడితే ఇంకా మేలు.

పోయిన చలికాలం ఒక ముషాయిరా ఏర్పాట్లు చూడ్డానికి వెళ్ళాను. "హలో, చెక్" అనడం అక్కడి ఉస్తాద్‌కు నచ్చదు. మైకు ముందు నిలబడి ఆ రోజు సియాసత్ ఉర్దూ పేపర్ తీసి ఏదో వార్త చదువుతాడు. షాగిర్ద్ చివరి వరసలో, నీళ్ళ డ్రమ్ముల పక్కన కూర్చుని విని, చదివింది తిరిగి చెప్పాలి. కుర్రాడు లేచి పరుగెత్తుకొచ్చాడు.

"ఉస్తాద్, సహర్ అని వినపడింది."

పేపర్లో ఉన్నది షహర్. ఉస్తాద్ ఏమీ అనలేదు. బేస్ కాస్త కోసి, ఎడమ చోంగాను నాలుగు వేళ్ళంత కిందికి వంచి, అదే వాక్యం మళ్ళీ చదివాడు. అప్పటికే చివరి వరసకు చేరిన కుర్రాడు డ్రమ్ముల దగ్గర్నుంచి చెయ్యెత్తాడు.