టర్బో సి నేర్పిన సి భాష: ఒక విమర్శ

హాలియా ప్రాంతమున నాగార్జునసాగరు ఎడమ కాలువ క్రింద 1,500 ఎకరములలో వరి పండినదనుకొందము. ఎకరమునకు 30 బస్తాల చొప్పున మొత్తము ఎన్ని బస్తాలు? ఐదవ తరగతి బాలుడైనను 45,000 అని చెప్పగలడు. ఈ లెక్కనే సి భాషలో వ్రాసి, సంఖ్యలను 'ఇంట్' అను పూర్ణాంక రకముగా ప్రకటించి, టర్బో సి++ అను కంపైలరుతో నడిపినచో తెరమీద కనబడు జవాబు -20,536. పైరు బాగుగనే పండినది గాని బస్తాలు మాత్రము సున్న కంటె క్రిందికి పోయినవి! అదే ప్రోగ్రామును ఒక్క అక్షరమైనను మార్చక, జి.సి.సి. అను వేరొక కంపైలరుతో నేటి కంప్యూటరు మీద నడిపినచో 45,000 అనియే వచ్చును.

కంపైలరు అనగా మనము వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు తెలియు సంకేతములలోనికి మార్చు సాధనము. టర్బో సి++ డాస్ అను పాత వ్యవస్థకై, 16 బిట్ల యంత్రములకై తయారైనది. అందులో 'ఇంట్' నకు 2 బైట్ల చోటు మాత్రమే కలదు. అందు పట్టు సంఖ్యలు -32,768 మొదలు 32,767 వరకు. 45,000 అందు పట్టదు గనుక 65,536 తగ్గి, ఋణసంఖ్యగా కనబడును. నేటి కంప్యూటర్లపై జి.సి.సి. సాధారణముగా 4 బైట్లు కేటాయించును.

ఈ తప్పు టర్బో సి++ ది అని వెంటనే అనరాదు. సి భాషకు 1989లో అమెరికా ప్రమాణ సంస్థ ఏర్పరచిన నియమము ప్రకారము 'ఇంట్' కనీసము 32,767 వరకు పట్టగలిగియుండవలెను. అంతకుమించి ఎంత యను సంగతి కంపైలరు ఇష్టము. కావున టర్బో నియమము దాటలేదు. దాటినది "ఇంట్ అనగా 2 బైట్లు" అని, అది భాషయొక్క ధర్మమైనట్లు, బోధించు పాఠము. ఒక కంపెనీ సరకు గుణమును భాష గుణముగా కంఠస్థము చేయించుటయే ఇందలి అసలు దోషము.

సి భాష పుట్టుక తెలిసినవారికి ఇది మరింత వింతగా తోచును. బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున ఈ భాషను రూపొందించెను. 1973లో యూనిక్సు వ్యవస్థను ఆ భాషలో తిరిగి వ్రాసిరి. అంతకు ముందు ఇట్టి వ్యవస్థలను ఆయా యంత్రముల సొంత సంకేతములలోనే వ్రాయుట వాడుక. యంత్రము మారినచో పని మరల మొదటికి వచ్చెడిది. సి వలన 1970 దశకము చివరనే యూనిక్సును ఒక యంత్రము నుండి దానికి పోలికలేని వేరొక యంత్రమునకు తరలింపగలిగిరి. అట్లు ఏ యంత్రమునకును కట్టుబడకపోవుటకు పేరుపడిన భాషను మన విద్యార్థులు ఒక్క కంపెనీ నీలి తెరతో ముడిపెట్టి నేర్చిరి.

బోర్లాండ్ కంపెనీ టర్బో సిని 1987లో విడుదల చేసెను. దాని గుణములను మరువరాదు. ప్రోగ్రాము వ్రాయుట, తప్పులు చూచుట, నడుపుట అన్నియు ఒకే తెరమీద జరుగును. చిన్న యంత్రము మీదను చురుకుగా పనిచేయును. 1990 దశకమున, తక్కువ శక్తిగల కంప్యూటర్లతోనే తృప్తిపడవలసిన మన కళాశాలలకు అది నిజముగా వరమే. విచిత్రమేమన, ఎల్లరకు ఉచితముగా లభించు జి.సి.సి. కూడ ఆ 1987లోనే వెలువడినది. కాని దానికి తగిన యూనిక్సు యంత్రములు ఆ రోజులలో సామాన్య కళాశాలకు అందుబాటులో లేవు.

కంపెనీ తన కంపైలరుతో భాషలో లేని కొన్ని సౌకర్యములను చేర్చి యిచ్చినది. 'కోనియో' అను చేర్పులోని తెర తుడుచు ఆజ్ఞ, ఒక మీట నొక్కువరకు ఆగు ఆజ్ఞ, 'గ్రాఫిక్స్' అను చేర్పులోని బొమ్మలు గీయు ఆజ్ఞలు ఇట్టివి. తెలుగునాట ఎన్ని ప్రయోగశాల రికార్డులు తెర తుడుచు ఆజ్ఞతో మొదలై, మీటకై ఆగు ఆజ్ఞతో ముగిసినవో లెక్కలేదు. ఆ రికార్డు చేతబట్టుకొని హాలియా విద్యార్థి హైదరాబాదు చేరి లినక్సు యంత్రము ముందు కూర్చున్నచో, 'కోనియో' యే దొరకదని మొదటి పంక్తిలోనే కంపైలరు చెప్పును. తనకు సి రాదని అతడు అనుకొనును. వచ్చినది సియే, అందు కలిసిన పరాయి సరకును వేరుచేసి చూపినవారు లేరు.

విక్రేత వినియోగదారుని తన సరకునకు కట్టివేయుట వ్యాపారములో క్రొత్త గాదు. జావా భాష విషయమున ఇది న్యాయస్థానము వరకు పోయినది. ఏ వ్యవస్థపైననైనను నడువవలెనని తలపెట్టిన ఆ భాషకు మైక్రోసాఫ్టు తన విండోసుకు మాత్రమే చెందు చేర్పులు చేసినదని సన్ కంపెనీ 1997లో దావా వేసెను. 2001లో మైక్రోసాఫ్టు 2 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొనగా రాజీ కుదిరినది. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014లో ఆ సంస్థకు అధిపతి అయిన పిదప, ఆ సంవత్సరమే అది తన డాట్‌నెట్ లోని ముఖ్యభాగమును బహిరంగపరచి లినక్సునకును తెచ్చెదనని ప్రకటించినది. ఇది దానధర్మమని భ్రమపడ నక్కరలేదు. అద్దె కంప్యూటర్ల వ్యాపారమునకు లినక్సు వాడుకదారులు కావలసివచ్చిరి.

టర్బో కథలో విశేషమేమన, తాళము వేసినవాడే లేడు. బోర్లాండ్ 2009లో వేరొక సంస్థలో కలిసిపోయెను. 64 బిట్ల విండోసు మీద ఆ పాత కంపైలరు నేరుగా నడువనే నడువదు. అయినను డాస్‌బాక్స్ అను సాధనముతో పాత యంత్రమును అనుకరింపజేసి, దానిలో టర్బోను నడిపి పాఠము చెప్పుట ఇంకను అక్కడక్కడ కనబడుచున్నది. దీనివలన ఏ కంపెనీకిని లాభము లేదు. పాత ప్రశ్నపత్రము, పాత రికార్డు, వానిని చూచి మార్కులు వేయు అలవాటు, ఇవియే ఆ తాళమును కాపాడుచున్నవి.

అట్లని ప్రతి ప్రోగ్రామును అన్ని యంత్రములకు పనికివచ్చునట్లే వ్రాయవలెనను వాదము కూడ అతిశయోక్తియే. కాలువ తూము వద్ద నీటిమట్టము కొలుచు పరికరమును నడుపు ప్రోగ్రాము ఆ పరికరపు సొంత సంకేతములను వాడక తప్పదు. అట్టి భాగమును వేరొక ఫైలులో ఉంచి, తక్కిన లెక్కను ప్రమాణభాషలో వ్రాసినచో పరికరము మారినపుడు ఆ ఒక్క ఫైలు మార్చిన చాలును. బస్తాల లెక్కలో సంఖ్యలను 'ఇంట్' కు బదులు 'లాంగ్' గా ప్రకటించినచో రెండు కంపైలర్లును 45,000 అనియే చెప్పును. ఏలయన 'లాంగ్' కనీసము 32 బిట్లుండవలెనని ప్రమాణమే చెప్పుచున్నది. ఉపాధ్యాయుడు ప్రతి అభ్యాసమును రెండు కంపైలర్లతో నడిపి చూపినచో, ఏది భాషయో ఏది కంపెనీ చేర్పో విద్యార్థికి వేరుగా చెప్పవలసిన పని యుండదు.

జి.సి.సి. లోను సొంత చేర్పులు లేకపోలేదు. కాని 'పెడాంటిక్' అను సూచన నిచ్చినచో ప్రమాణమునకు మించిన ప్రయోగములలో పెక్కింటిని గూర్చి అది హెచ్చరించును. ఇట్టి ఏర్పాటు కొంత టర్బోలోను ఉండెను: దాని ఎంపికల పట్టికలో ప్రమాణ పదములను మాత్రమే అంగీకరించు ఎంపిక యొకటి కలదు. అది 'కోనియో' ను ఆపదు గాని, కంపెనీ చేర్చిన ప్రత్యేక పదములను ఆపును. ప్రయోగశాల రికార్డులలో దాని ప్రస్తావన కనబడుట బహు అరుదు.