చెక్కలు చవకే, నీళ్లే ఖరీదు

పోయిన ఆదివారం తుళ్లూరు సెంటర్లో టీ తాగుతుంటే ఎవరో కుర్రాడు చేతిలో ఓ రంగుల కాగితం పెట్టి వెళ్లిపోయాడు. కొత్త వెంచరు తాలూకు బ్రోచరు. విల్లాలు, క్లబ్ హౌసు, వాకింగ్ ట్రాకు... వాటి మీద నా అభిప్రాయం ఈ కాలమ్ చదివేవాళ్లకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ఈసారి నాకు ఒళ్లు మండించింది పైనున్న బొమ్మ. నల్లకళ్లద్దాల దొర ఒకాయన కాళ్లకి చెక్కలు తగిలించుకుని, మోటారు బోటు లాగుతుంటే తాడు పట్టుకుని నీళ్ల మీద దూసుకుపోతున్నాడు. కింద 'మీ ఇంటి ముందే కృష్ణమ్మ' అని రాశారు. వెనకున్న కొండలు మనవి కావు, నీళ్లూ మనవి కావు. పత్తి తీసి, మిరపకాయ కోసి బతికిన ఈ పల్లెల్లో కాలికి చెక్క కట్టుకుని నది మీద నిలబడ్డవాడు నాకింతవరకూ తగల్లేదు.

ఆ మాటే పైకి అన్నాను. పక్క బల్ల మీద మా వీధి కుర్రాడున్నాడు. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. కాగితం నా చేతిలోంచి లాక్కుని చూసి, "తాతయ్యా, ఇవెక్కడ దొరుకుతాయి, చవగ్గా?" అన్నాడు.

"విల్లాలా?"

"కాదు తాతయ్యా, చెక్కలు."

'చవగ్గా' అన్న మాట నా ముందు అనకూడదు. ఎవరో ఒకరు మోజుపడి కొని, మోజు తీరి అటకెక్కించాకే ఏ వస్తువైనా మనం కొనాలన్నది నా సగం ధర సిద్ధాంతం. పాత పాఠకులకి మా తోడల్లుడు గుర్తుండే ఉంటాడు. ప్యాకింగు విప్పని వస్తువు తప్ప ముట్టడు. "నీది బుద్ధి కూడా సెకండ్ హ్యాండే అన్నయ్యా" అంటుంటాడు. అననీ. సైకిలు దగ్గర్నుంచి రాసే బల్ల దాకా నా ఇంట్లో సగం సామాను ఇంకొకరి విసుగు పుణ్యమే. కాబట్టి మానేయరా అని తీసిపారేయకుండా, ఈ వారమంతా ఆ చెక్కల బేరం మీదే కూచున్నాను.

మొదట తెలిసింది, వాటర్ స్కీయింగ్ అనే ఆ ఆటే ఒక పేదవాడి బేరంతో పుట్టిందని. అమెరికాలో మిసిసిపి నది ఒకచోట వెడల్పయి సరస్సులా నిలుస్తుంది. లేక్ పెపిన్ అంటారు. దాని ఒడ్డున లేక్ సిటీ అనే చిన్న ఊరు. అక్కడ రాల్ఫ్ శామ్యూల్సన్ అనే కుర్రాడికి 1922 ఎండాకాలంలో ఒక పిచ్చి పుట్టింది. మంచు మీద జారగా లేంది నీళ్ల మీద ఎందుకు జారకూడదని. ముందు పీపా చెక్కలు కట్టుకున్నాడు, మునిగాడు. మంచు మీద వాడే స్కీలు కట్టుకున్నాడు, అవి సన్నం, మళ్లీ మునిగాడు. చివరికి అడితీకి పోయి ఎనిమిదడుగుల పొడవూ తొమ్మిదంగుళాల వెడల్పూ ఉన్న పైన్ చెక్కలు రెండు తెచ్చాడు. వాళ్లమ్మ రాగి బానలో నీళ్లు మరగబెట్టి, కొసలు అందులో ఉడకబెట్టి, పైకి వంచి బిగించాడు. పాదాలు దూర్చడానికి తోలు పట్టీలు. పట్టుకోవడానికి కిటికీ తలుపులకి వాడే తాడు. అన్న బోటు నడిపాడు. అయినా రోజుల తరబడి మునుగుతూనే ఉన్నాడు. వెనక్కి వాలి, చెక్కల కొసలు నీటి పైకి ఎత్తిపట్టాలన్న కిటుకు దొరికింది జూలై 2న. మర్నాటికి పంతొమ్మిదేళ్లు నిండాయి. పేటెంటూ గీటెంటూ ఏమీ తీసుకోలేదు. ఆ పని మూడేళ్ల తర్వాత ఫ్రెడ్ వాలర్ అనే ఇంకొకాయన చేసుకున్నాడు. శామ్యూల్సన్ నడుం దెబ్బతిని, టర్కీ కోళ్లు పెంచుకుంటూ బతికాడు. మొదటివాడు ఇతనే అని అక్కడి వాటర్ స్కీ సంఘం వాళ్లు ఒప్పుకున్నది 1966లో.

ఈ కథ మా వీధి వడ్రంగికి చెప్తే, "చెక్క వంచడం మాకు చెప్పాలా" అని మీసం దువ్వాడు. కొంపదీసి ఈ కుర్రాడికి చేసిపెట్టేలా ఉన్నాడు. వద్దన్నాను. అటక మీద చవగ్గా దొరికేదాన్ని కొత్తగా చేయించడం నా సిద్ధాంతానికి విరుద్ధం.

అటకలు ఎక్కడున్నాయంటే, అట్లాంటాలో, షార్లట్‌లో, డాలస్‌లో. అంటే మనవాళ్లున్న చోటే. ఆ ఊళ్ల చుట్టూ పెద్ద పెద్ద రిజర్వాయర్లు. ఎండాకాలం వస్తే బోట్లే బోట్లు. నేర్చుకునేవాళ్లకి పనికొచ్చే స్కీలని కాంబో అంటారు. రెండూ వెడల్పుగా ఉంటాయి. ఒకదానికి రెండో పాదం కూడా దూర్చే పట్టీ ఉంటుంది, ఆట వచ్చాక రెండో చెక్క వదిలేసి ఒక్కదాని మీదే పోవడానికి. ఓబ్రయన్, కనెలీ, హెచ్ఓ కంపెనీల కొత్త కాంబో జత మన డబ్బుల్లో పాతిక ముప్పై వేలకి తక్కువ పడదు. అదే పాతదైతే, పిల్లలు కాలేజీకి పోగానే గ్యారేజీ ఊడ్చుకునేవాళ్ల దగ్గర యాభై వంద డాలర్లకి దొరుకుతుంది. సెప్టెంబరు మొదటి సోమవారం వాళ్లకి లేబర్ డే. ఆ పండగతో నీటి ఆటల కాలం అయిపోయినట్టే. కొట్లలో కొత్త సరుకు ధరలు కూడా అప్పుడే దిగుతాయి. చెక్కకి దెబ్బ తగిలిందా, కింది రెక్క గట్టిగా ఉందా చూసుకుంటే చాలు. పాదం పట్టీ రబ్బరు బీటలిచ్చినా దిగుల్లేదు, దాని పని ఆటోనగర్లో అవుతుంది.

తేవడంలో మాత్రం ఒక చిక్కుంది. పెద్దవాళ్ల కాంబో స్కీ పొడవు 67 అంగుళాలు. విమానంలో మామూలు పెట్టెకి పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 62 అంగుళాలే లెక్క. కొన్ని విమానాల వాళ్లు ఆటసామాను కింద ఒప్పుకుంటారు, కొందరు ముక్కుపిండి అదనం పుచ్చుకుంటారు. టికెట్టు కొనేముందే అడిగి తెలుసుకోవాలి. పార్సిలు వేస్తే బరువుకి కాకుండా అది ఆక్రమించే జాగాకి కడతారు, పైన కస్టమ్స్. అప్పుడు వంద డాలర్ల చెక్క కొత్తదాని ధరకి కూచుంటుంది.

ఇంతవరకూ నా సిద్ధాంతం దివ్యంగా నడిచింది. తాడు దగ్గర కుంటింది. విజయవాడ వన్‌టౌన్‌లో తాళ్ల కొట్లకి కొదవ లేదు కదా, కిలో లెక్కన తెచ్చేద్దాం అనుకున్నా. నైలాన్ తాడు నీళ్లలో మునుగుతుంది, బోటు పంకాకి చుట్టుకుంటుంది. పైగా సాగుతుంది. సాగిన తాడు తెగితే కొరడా అయి వెనక్కి వచ్చి మొహం మీద కొడుతుంది. ఈ ఆటకి తేలే తాడు కావాలి, అంటే పాలిప్రొపిలీన్, అదీ సాగకుండా అల్లింది. పిడితో కలిపి మామూలుగా 75 అడుగులుంటుంది. పాతది కొందామంటే, ఎండకి మాడిన ప్లాస్టిక్ తాడు ఏమవుతుందో టిక్కీలు కట్టిన ఏ మిర్చి రైతునడిగినా చెప్తాడు. పట్టుకుంటే పొడి రాలుతుంది. కాబట్టి తాడు కొత్తది. సరే, ఒప్పుకున్నా.

తర్వాత లైఫ్ జాకెట్టు. ఇక్కడ కాస్త పక్కకి పోవాలి.

నాకు ఈత నేర్పింది మా పెద్దనాన్న. అప్పట్లో ట్యూబులంటే లారీలున్నవాళ్లకే. మాకు ఎండు సొరబుర్రలు. పాదు మీదే ముదరనిచ్చి, ఎండాక దించి, వంటింటి చూరుకి వేలాడదీసేవాళ్లు. నడుముకి అటొకటి ఇటొకటి తాడుతో కట్టి నీళ్లలోకి తోసేసేవాడు. ఎంత తన్నుకున్నా మునగం. మునగకపోయేసరికి భయం పోతుంది, భయం పోతే ఈత దానంతటదే వస్తుంది. ఆ బుర్రలు కట్టేముందు ఆయన చేసే తంతు నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. ఒక్కోదాన్నీ చెవి దగ్గర ఆడించి గింజల చప్పుడు వినేవాడు. వేలి కణుపుతో చుట్టూ తట్టేవాడు. తొడిమ దగ్గర గోరుతో గీరేవాడు. తర్వాత తొట్లో ముంచి పట్టుకుని బుడగలొస్తాయేమో అని చూసేవాడు. వెంట్రుకవాసి పగులున్నా నీళ్ల కుండ మీద మూకుడికి పోవాల్సిందే, ఈతకి రాదు. ఇంట్లో గడపార, గొర్రు, నాగలి, ఎద్దుల్ని కూడా అడిగినవాడికల్లా ఎరువిచ్చేవాడు. బుర్రలు మాత్రం ఇచ్చేవాడు కాదు. ఒకళ్లవి తెచ్చుకునేవాడూ కాదు. "వాళ్లింట్లో అది ఎన్నిసార్లు కింద పడిందో మనకేం తెలుసురా" అనేవాడు.

జాకెట్టుకీ అంతే. పైన బట్ట నిగనిగలాడుతుంది. లోపలి నురుగు ఎన్నేళ్ల ఎండ తిన్నదో, ఎందరి కింద నలిగిందో కనపడదు. చేత్తో నొక్కి వదిలితే తిరిగి పొంగాలి. తొడుక్కున్నాక ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు. కట్టు తాళ్లు చాలవు. వేగంగా నీళ్ల మీద పడితే ఊడిపోతాయి. మూడు నాలుగు బకిల్సు ఉండాలి. ఎంత బరువు మనిషిని తేలుస్తుందో లోపలి చీటీ మీద అచ్చయి ఉండాలి. పాలిపోయిన నారింజరంగు జాకెట్లు చౌకబేరానికి గుట్టలు పోసి అమ్ముతుంటారు, వాటికి ఆ చీటీ ఉండదు.

ఇదంతా ఎందుకింత సాగదీస్తున్నానో మన జిల్లాల వాళ్లకి తెలుసు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం. కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడింది. ఇరవై మందికి పైగా పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి వచ్చినవాళ్లు. ఆ పడవకి అనుమతి లేదు, ఒంటి మీద జాకెట్లు లేవు. సరిగ్గా ఏడాదికి, 2018 నవంబరులో, అదే కృష్ణ మీద ఎఫ్1హెచ్2ఓ పవర్ బోట్ల పందెం జరిగింది. మూడు రోజులు జనం ఒడ్డంతా కిక్కిరిసి చూశారు. అమరావతి పేరు పెట్టుకున్న జట్టు కూడా ఉంది. తోలినవాళ్లు మాత్రం పైవాళ్లే.

ఇక బోటు. ఇక్కడికొచ్చేసరికి కుర్రాడికి చెప్పాల్సిన మాట నాకు దొరికింది అనుకున్నా. 'నాయనా, చెక్కలు పదివేలు, బోటు లక్షలు, మానుకో.' మన చేపల పడవలకుండే పది హార్స్‌పవర్ ఇంజను పెద్దమనిషిని నీళ్ల మీద నిలబెట్టలేదు. తేలిక బోటయినా యాభై దాకా ఉండాలి. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం దానికి తనిఖీ, రిజిస్ట్రేషను. తోలేవాడు కాక, వెనక్కి తిరిగి పడ్డవాణ్ణి చూసే మనిషి ఇంకొకడు. సాయంత్రం పిలిచి ఈ లెక్కంతా చెప్పాను.

వాడు విని, "పదిమందిమి ఉన్నాం తాతయ్యా" అన్నాడు.

నేను ఆ లెక్క వేయలేదు. కరెంటు రాని రోజుల్లో నలుగురు రైతులు కలిసి ఒక ఆయిలింజను కొనుక్కుని వంతులవారీగా తడిపెట్టుకున్నట్టు, పదిమంది ఒక బోటు పెట్టుకుంటే తప్పేముంది? ప్రకాశం బ్యారేజీ వెనక మూడు టీఎంసీల నీళ్లు నిలబడి ఉంటాయి. శామ్యూల్సన్ సరస్సులాగే అదీ వెడల్పయిన నదే. వరద రోజులు వదిలేయాలి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులొచ్చి, కొట్టుకొచ్చిన బోట్లు బ్యారేజీ గేట్లనే గుద్దాయి. ఇసుక తోడిన గుంటలెక్కడున్నాయో, వలలెక్కడ వేస్తారో రాయపూడి, లింగాయపాలెం రేవుల్లో చేపలు పట్టేవాళ్లకే తెలుసు. వాళ్లలో ఒకరు జట్టులో లేకుండా తాడు కట్టకూడదు. ఇవన్నీ సర్దుకుంటే, ఆ బొమ్మలో దొర బదులు మన కుర్రాడు ఉండకూడదనే కారణం నాకు కనపడలేదు. రాజధానికి పొలాలిచ్చింది వీళ్ల అయ్యలు. నది ముఖం చూపించి ప్లాట్లు అమ్ముకునేవాళ్లకే నది మీద ఆటలని ఎక్కడా రాసిలేదు.

కాబట్టి అమెరికాలో పిల్లలున్న పాఠకులకి ఒక మనవి. ఈ సంక్రాంతికి వచ్చేటప్పుడు, గ్యారేజీలో మూలనపడ్డ కాంబో జత ఉంటే, విమానం వాళ్లు ఒప్పుకుంటే, పట్టుకురమ్మనండి. మంచి ధరే ఇస్తాం. జాకెట్లు మాత్రం పంపొద్దు. అవి ఇక్కడే కొత్తవి, చీటీ చూసి, పూర్తి ధర పెట్టి కొంటాం. మా తోడల్లుడికి ఈ మాట చెప్పినా ఫర్వాలేదు.