ఒకే శిలలో రెండుమార్లు కనిపించే ఏనుగు

సత్తెనపల్లి రెవిన్యూ డివిజనులోని అమరావతి మహాచైత్యపు శిల్పాలలో నాళాగిరి దమన ఫలకం మిక్కిలి ప్రసిద్ధమైనది. క్రీ.శ. రెండవ శతాబ్దినాటిదని పండితుల అభిప్రాయం. ఇప్పుడది చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో ఉన్నది. శిల్పచరిత్రకారులు దీనిని ఎంతో మెచ్చుకొన్నారు. అయితే విజ్ఞానశాస్త్ర విద్యార్థి అడుగవలసిన ప్రశ్న వేరు. ఈ రాయి చూచేవానికి కథ ఎట్లా తెలుస్తున్నది?

గుండ్రని పలక. ఎడమప్రక్క మదించిన ఏనుగు రాజగృహ వీధిలో జనంపై విరుచుకొని పడుతున్నది. కుడిప్రక్క బుద్ధుని పాదాలముందు ఏనుగు మోకాళ్ళూని ఉన్నది. మేడల గవాక్షాలనుండి జనం తొంగిచూస్తున్నారు. రాతిలో ఉన్నవి రెండేనుగులు. మనకు తోచేది ఒకటే. నడుమ జరిగిన మార్పును శిల్పి చెక్కలేదు, చూచేవాని మనస్సే పూరిస్తున్నది. కథ తెలియని పిల్లవాడు రెండేనుగులని లెక్కపెట్టవచ్చును. ఇద్దరి కంటిలోను పడిన బింబం ఒకటే గదా!

ఎడమప్రక్క తొక్కిసలాటలో ఏ చేయి ఎవరిదో వెంటనే తెలియదు. దీనిని లోపమనేవారుండవచ్చును. నాకట్లు తోచదు. ఆ వీధిలో చిక్కుకొన్నవానికి మాత్రం తెలిసి ఉంటుందా? కుడిప్రక్క కలత అణగగానే ఆకారాలూ తేటపడినవి.

లోతు సంగతి ఇంకా చిత్రమైనది. పలుచని చెక్కడంలో వీధి, గుంపు, మేడలు ఒకదాని వెనుక ఒకటి కనబడుతున్నవి. మెదడు నీడలను బట్టి ఎత్తుపల్లాలను ఊహిస్తుంది. వెలుగు పైనుండి వస్తున్నదని ముందే అనుకొంటుంది. పైభాగం తెల్లగా, క్రిందిభాగం నల్లగా ఉన్న వృత్తం ఉబ్బినట్లు, తారుమారైతే గుంటపడినట్లు కనబడుతుందని వి.ఎస్. రామచంద్రన్ 1988లో 'నేచర్' పత్రికలో చూపినాడు. పొగను చూచి నిప్పును తెలిసికొనుటను మన తార్కికులు అనుమానమన్నారు. చూపులోనే అటువంటి అనుమానం మనకు తెలియకుండా జరుగుతుందని జర్మనీలో హెల్మ్‌హోల్ట్స్ పందొమ్మిదవ శతాబ్దిలోనే చెప్పినాడు.

కన్ను కెమెరా వంటిదని తరగతిలో చెప్పి ఊరుకొనుట అందుకే చాలదు. కటకం, రెటీనా, తలక్రిందుల బింబం వరకు ఆ పోలిక సరిపోతుంది. ఆ తరువాతి పనికి కెమెరాలో పోలిక లేదు.

ఉపాధ్యాయులు ఒక పరీక్ష చేయించవచ్చును. పైనుండి వెలుగుపడగా తీసిన తామరపూల చెక్కడపు ఫోటోను తలక్రిందులు చేసి చూపండి. రేకులు లోనికి పోయినట్లు చాలమందికి కనబడుతుంది. మనిషి ముఖమున్న ఫోటోను త్రిప్పితే మాత్రం ముఖం అంత సులభంగా గుంటపడదు. ముఖాలతో మెదడుకు పరిచయం ఎక్కువ. అక్కడ నీడల సాక్ష్యాన్ని అది త్రోసివేస్తుంది.